కుండీలో తిప్పతీగ... గ్లాసులోకి తెచ్చేముందు!

తిప్పతీగను చంపడం అంత తేలిక కాదు. చెట్టు మీదికి పాకిన తీగను మొదట్లో నరికేసి చూడండి. పైన మిగిలిన ముక్క ఎండిపోవాలి కదా? ఎండదు. దారాల్లాంటి సన్నటి ఊడలను కిందికి దింపుతుంది. అవి నేలను అందుకున్నాయంటే మళ్లీ కొత్త జీవితమే. సంస్కృతంలో దీనికి ‘అమృత’ అనే పేరు ఊరికే రాలేదు. గుడూచి అన్నా, హిందీవాళ్ల గిలోయ్ అన్నా ఇదే.

అందుకే మొదటిసారి మొక్కలు పెంచేవాళ్లకి కూడా తిప్పతీగ భలే నచ్చుతుంది. జానెడు ముక్క గుచ్చితే చాలు, బాల్కనీ గ్రిల్ మొత్తం పచ్చగా కప్పేస్తుంది. రెండు రోజులు నీళ్లు పోయడం మర్చిపోయినా అలగదు. ఐటీ ఉద్యోగం చేసే నాలాంటివాళ్లకి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి!

చిక్కల్లా తర్వాతే మొదలవుతుంది. మొక్క బాగా పెరిగింది కదా అని రోజూ పొద్దున్నే రెండంగుళాల కాడ తుంచి, దంచి, మరిగించి తాగడం. ‘ఇంట్లో పెరిగిందే కదా, ఏమవుతుంది?’ అనే ధీమా. ఆ ధీమా గురించే ఈ కథనం. ఈ తీగను బతికించడం పెద్ద విషయం కాదు. అది నిజంగా తిప్పతీగేనా అని తేల్చుకోవడం, మన ఒంటికి సరిపోతుందో లేదో తెలుసుకోవడం... ఇవే అసలు పెంపకం.

కరోనా తెచ్చిన క్రేజ్

పల్లెల్లో తిప్పతీగ తెలియనివాళ్లు తక్కువ. కంచెల మీద, వేపచెట్ల మీద అల్లుకుని కనిపిస్తుంది. జ్వరాలకు కషాయంగా, తిప్పసత్తుగా వాడటం ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉంది. కాడను దంచి నీళ్లలో నానబెట్టి, అడుగున పేరుకున్న తెల్లటి పిండిని ఆరబెడితే వచ్చేదే తిప్పసత్తు.

2020లో కరోనా వచ్చాక సీన్ మారిపోయింది. ఆ ఏడాది అక్టోబరులో ఆయుష్ మంత్రిత్వశాఖ విడుదల చేసిన కొవిడ్ మార్గదర్శకాల్లోనూ గుడూచి ఉంది. అయితే అందులో ఎంత తీసుకోవాలో ఉంది, ఎన్నాళ్లు తీసుకోవాలో కూడా ఉంది. ముందుజాగ్రత్తగా వాడేవాళ్లకు 15 రోజులు లేదా ఒక నెల అని రాశారు. వాట్సాప్ ఫార్వర్డుల్లోకి వచ్చేసరికి కొలత పోయింది, గడువు పోయింది. ‘రోజూ తాగండి, ఇమ్యూనిటీ పెరుగుతుంది’ అన్న ఒక్క మాటే మిగిలింది.

ఆ తర్వాత ఆసుపత్రుల నుంచి వేరే వార్తలు మొదలయ్యాయి. 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య ముంబైలో ఆరుగురు లివర్ దెబ్బతిని వైద్యుల దగ్గరికి వచ్చారు. ఆరుగురూ తిప్పతీగ తీసుకున్నవాళ్లే. ఈ వివరాలు 2021లో ఒక వైద్య పత్రికలో వచ్చాయి. 2022లో దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి సేకరించిన 43 మంది వివరాలు ‘హెపటాలజీ కమ్యూనికేషన్స్’ అనే పత్రికలో వచ్చాయి. తీగ వాడటం మొదలుపెట్టాక లక్షణాలు కనిపించడానికి పట్టిన సమయం మధ్యస్థంగా 46 రోజులు. చాలామందిలో లివర్ జబ్బు ముందునుంచే ఉంది, అది ఒక్కసారిగా ముదిరింది.

ఆయుష్ మంత్రిత్వశాఖ దీన్ని ఒప్పుకోలేదు. వాడిన మొక్క ఏదో సరిగ్గా తేల్చకుండా తిప్పతీగ మీద నింద వేయడం తగదంది. అసలైన గుడూచి సురక్షితమేననీ, దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా లాంటి మొక్కలు హాని చేయొచ్చనీ 2022 ఫిబ్రవరిలో మళ్లీ చెప్పింది. లివర్ వైద్యులేమో, కొన్ని కేసుల్లో మొక్కను పరీక్షించి చూశామనీ, అసలైన తిప్పతీగే అయినా కొందరికి పడదనీ అంటున్నారు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత లివర్ మీదే దాడి చేసే తీరు ఈ రోగుల్లో కనిపించిందన్నది వాళ్ల మాట.

ఈ వాదన ఎవరు గెలుస్తారన్నది మనకు అనవసరం. మనకు పనికొచ్చేవి రెండు మాటలు. ఒకటి, పోలిక ఉన్న వేరే మొక్క అయితే ప్రమాదమని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. రెండు, సరైన మొక్కే అయినా అందరికీ, ఎన్నాళ్లయినా అని ఏ వైద్యుడూ చెప్పట్లేదు. బాల్కనీలో పెంచే ప్రతి ఒక్కరూ ఈ రెండింటి నుంచే మొదలుపెట్టాలి.

అసలుదా, పోలికదా?

మన తిప్పతీగ శాస్త్రీయ నామం టినోస్పోరా కార్డిఫోలియా. ‘కార్డిఫోలియా’ అంటేనే హృదయాకారపు ఆకు అని. కానీ హృదయాకారపు ఆకు కనబడగానే తిప్పతీగ అనేసుకుంటే తమలపాకు, మనీప్లాంటు కూడా తిప్పతీగలైపోతాయి! కాబట్టి ఆకును వదిలి కాడ చూడండి.

కాడ మీద తొక్క: ముదిరిన కాడ మీద కాగితంలాంటి పలచటి పొర ఉంటుంది. గోటితో గీకితే లేచి వస్తుంది, లోపల పచ్చగా కనిపిస్తుంది. తెల్లటి చిన్న చిన్న చుక్కలు ఉండొచ్చు. క్రిస్పా కాడ అలా కాదు. బూడిదరంగులో ఉండి, దాని నిండా మొటిమల్లాంటి బుడిపెలు పొడుచుకొచ్చి ఉంటాయి. చెయ్యి పెట్టి తడిమితే గరుకుగా తగులుతుంది.

పాలు: అసలు తిప్పతీగ కాడ తుంచితే పాలు కారవు. క్రిస్పా నుంచి పాలలాంటి ద్రవం వస్తుందని ఆయుష్ శాఖ చెప్పిన తేడాల్లో ఉంది.

ఆకు అడుగు భాగం: నున్నగా ఉండాలి. అడుగున మెత్తటి నూగు తగిలితే అది టినోస్పోరాలోనే వేరే రకం కావచ్చు.

పువ్వు, కాయ: పువ్వులు చిన్నవి, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు. అసలుదానికి ఆరు రేకులు, క్రిస్పాకి మూడు. అసలుదాని పండ్లు గుండ్రంగా, ఎర్రగా ఉంటాయి. క్రిస్పావి కోలగా, నారింజ రంగులో ఉంటాయి. ఇంకో సంగతి... తిప్పతీగలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మీ తీగకు ఎన్నాళ్లయినా కాయలు రాకపోతే అది మగ మొక్కేమో!

ఎక్కువమంది నమ్మే రెండు గుర్తులు మాత్రం అక్కరకు రావు. కాడను అడ్డంగా కోస్తే బండిచక్రం ఆకుల్లా గీతలు కనిపిస్తాయని చెబుతారు. నిజమే, కానీ ఈ కుటుంబంలోని చాలా తీగలకు అంతే. ఇక చేదు సంగతి. రెండూ చేదే. కాబట్టి ‘రుచి చూసి చెబుతా’ అనే ప్రయోగం వద్దు.

ఇన్ని చూసినా అనుమానం పోకపోతే? ఫోన్‌లోని మొక్కల యాప్ చెప్పిందే తుది తీర్పు అనుకోకండి. యాప్ ఎక్కువగా ఆకు ఫొటోనే చూస్తుంది, తేడా మాత్రం కాడలో ఉంది. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్రం లెక్చరర్‌కో, ఆయుర్వేద కళాశాలలో ద్రవ్యగుణ విభాగం వాళ్లకో ఆకు, కాడ, పువ్వు మూడూ ఉన్న కొమ్మ చూపించండి. హైదరాబాద్‌లో ఉంటే బోడుప్పల్‌లో ఔషధ, సుగంధ మొక్కల మీద పనిచేసే సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది.

నాటడం ఇలా

తిప్పతీగను విత్తనం కంటే కాడ ముక్కతో పెంచడమే మేలు. విత్తనాలు సరిగ్గా మొలవవు. పైగా ముక్కతో పెంచిన మొక్క తల్లి మొక్కకు అచ్చమైన కాపీ. మా భాషలో చెప్పాలంటే కంట్రోల్ సి, కంట్రోల్ వి. ఇందులో లాభం ఎంతో, ముప్పూ అంతే. తల్లి మొక్క తప్పుదైతే ఆ తప్పు కూడా కాపీ అవుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఒకరి కుండీ నుంచి పదిమంది తలా ఓ ముక్క తీసుకెళ్తే ఆ తప్పు పది ఇళ్లకు చేరుతుంది. అందుకే గుర్తుపట్టడం ముందు, నాటడం తర్వాత.

తొలకరి తర్వాత, జూన్ – జులైల్లో నాటితే త్వరగా పట్టుకుంటుంది. ముదిరిన కాడ నుంచి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ముక్క తీసుకోండి. కనీసం రెండు కణుపులు ఉండాలి. కింది కొసను ఏటవాలుగా, పై కొసను అడ్డంగా కోయండి. అలా చేస్తే నాటేటప్పుడు తలకిందులు అయ్యే ప్రమాదం ఉండదు. ఒక కణుపు మట్టిలోకి వెళ్లేలా గుచ్చండి.

కుండీ 14, 15 అంగుళాలది అయితే హాయిగా ఉంటుంది. అడుగున రంధ్రాలు తప్పనిసరి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు కలిపితే చాలు. పాత పెయింటు డబ్బాలు, రసాయనాల డ్రమ్ములు మాత్రం వాడొద్దు. పూలమొక్కకైతే ఏమోగానీ, నోట్లోకి వెళ్లే మొక్కకు అవి పనికిరావు.

మొదటి నెల నీడపట్టున ఉంచి, మట్టి తడి ఆరకుండా చూడండి. మూడు, నాలుగు వారాల్లో చిగురు వస్తుంది. తర్వాత ఎండ తగిలే చోటికి మార్చి, పాకడానికి తాడో కర్రో జాలీయో ఇవ్వండి. పక్క కుండీల్లోని మొక్కల మీద పాకనిచ్చారంటే వాటిని కప్పేస్తుంది. మట్టి పైన అంగుళం ఎండాకే మళ్లీ నీళ్లు పోయండి. నీళ్లు తక్కువైతే ఓర్చుకుంటుంది, నిలవ ఉంటే కుళ్లిపోతుంది.

చలికాలంలో ఆకులు పండి రాలిపోతే కంగారుపడొద్దు. అది దాని అలవాటు. ఆ టైములో రోజూ నీళ్లు గుమ్మరించి, ఎరువులు దట్టించి ‘కాపాడబోతే’ వేరు కుళ్లుతుంది. ఎండలు ముదిరేసరికి మళ్లీ చిగురిస్తుంది.

ఎక్కడ పెంచకూడదు?

వేపచెట్టు మీద పాకిన తిప్పతీగకు గుణం ఎక్కువని మనవాళ్ల నమ్మకం. అదలా ఉంచి, ఆ చెట్టు ఎక్కడుందన్నది మాత్రం తప్పక చూడాలి. రద్దీ రోడ్డు పక్కన, మురుగు కాలువ గట్టున, ఫ్యాక్టరీ గోడ మీద, కలుపు మందు కొట్టే చేను గట్టున పెరిగింది వద్దు. మార్నింగ్ వాక్‌లో ఫ్లైఓవర్ కింద కనిపించిందని తెంపుకొచ్చే అలవాటు ఉంటే మానేయండి. ఔషధ మొక్క అయినంత మాత్రాన దుమ్ము, విషాలు దాన్ని వదిలిపెట్టవు.

ఊళ్లో బత్తాయి, దానిమ్మ తోటలున్నవాళ్లకు ఇంకో ముఖ్యమైన మాట. కాయ పక్వానికొచ్చే టైములో రాత్రిపూట వచ్చి, కాయకు రంధ్రం చేసి రసం పీల్చే రెక్కల పురుగు తెలుసు కదా! దాని గొంగళిపురుగు పెరిగేది పండు మీద కాదు, తిప్పతీగ, దూసరతీగ లాంటి తీగల ఆకుల మీద. అందుకే ఈ తోటల చుట్టుపక్కల తిప్పతీగ లేకుండా చూసుకోమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. నల్గొండ వైపు బత్తాయి తోట గట్టు మీద ‘ఆరోగ్యానికి మంచిది’ అని తిప్పతీగ పెంచితే పురుగుకు ఉయ్యాల కట్టినట్టే.

బాల్కనీలో ఆ గొంగళిపురుగులు కనిపిస్తే చేత్తో ఏరేస్తే సరిపోతుంది. పిండినల్లి పడితే నీళ్ల జల్లుతో కడిగేయండి. తగ్గకపోతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి చల్లండి. పురుగుమందులు మాత్రం ఈ మొక్క దరిదాపులకు రానివ్వొద్దు. అపార్ట్‌మెంట్‌లో పెస్ట్ కంట్రోల్ వాళ్లు వచ్చే రోజున కుండీ లోపలికి జరపండి.

కోత, నిల్వ

మందుకు వాడేది ముఖ్యంగా కాడే. వేలెడు లావైనా లేని లేత తీగను తుంచడం వల్ల మొక్క నీరసపడటం తప్ప ప్రయోజనం ఉండదు. కనీసం ఏడాది ఆగండి. కోసిన కాడను బాగా కడిగి, పైన కాగితంలాంటి పొర తీసేసి, చిన్న ముక్కలు చేసి నీడలో ఆరబెట్టాలి. పూర్తిగా ఎండాక గాలి చొరని సీసాలో పోసి, పేరూ తేదీ రాసి పెట్టండి. ముక్కల మీద బూజు కనిపిస్తే బూజు దులిపి వాడొద్దు, మొత్తం పారేయండి.

చీటీ రాయడం చాదస్తంలా అనిపించొచ్చు. కానీ వంటింట్లో ఎండిన కాడలన్నీ ఒకేలా ఉంటాయి. ఆఫీసులో కామెంట్ రాయని కోడ్‌ను ఆర్నెల్ల తర్వాత రాసినవాడే గుర్తుపట్టలేడు. ఇదీ అంతే!

ఎర్రటి పండ్లు పిల్లలను ఆకర్షిస్తాయి. తినే పండ్లు కావవి. పిల్లలున్న ఇంట్లో తీగను కాస్త ఎత్తులో పాకించండి.

వీళ్లు అసలు తాగొద్దు

పెంచడం అందరూ చేయొచ్చు. తాగడం మాత్రం కాదు. కింది వాళ్లు డాక్టర్‌ని అడగకుండా తిప్పతీగ జోలికే వెళ్లకూడదు:

• కామెర్లు వచ్చి తగ్గినవాళ్లు, ఫ్యాటీ లివర్, హెపటైటిస్ ఉన్నవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు.

• రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్, థైరాయిడ్‌లో హషిమోటోస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు. ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అనేది వీళ్ల విషయంలో శుభవార్త కాదు. వాళ్ల జబ్బే రక్షణ వ్యవస్థ అదుపు తప్పడం.

• అవయవ మార్పిడి చేయించుకుని, ఇమ్యూనిటీని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు.

• షుగర్ మందులు వేసుకునేవాళ్లు. రెండూ కలిసి షుగర్ మరీ పడిపోవచ్చు.

• గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, త్వరలో ఆపరేషన్ ఉన్నవాళ్లు.

మన వయసువాళ్లకు ఇందులో ఒక కిటుకుంది. ఇరవైల్లో, ముప్పైల్లో ఫ్యాటీ లివర్ ఉన్నా బయటికి ఏమీ తెలియదు. రోజంతా కుర్చీలో కూర్చుని, రాత్రి పదకొండింటికి బిర్యానీ ఆర్డర్ చేసే జీవితాల్లో అదేమంత అరుదు కూడా కాదు. ‘నాకే జబ్బూ లేదు’ అనడానికీ, ‘నేను టెస్ట్ చేయించుకోలేదు’ అనడానికీ తేడా ఉంది. కంపెనీ ఇచ్చే ఉచిత హెల్త్ చెకప్‌లో లివర్ ఫంక్షన్ టెస్ట్ ఉంటే ఆ రిపోర్టు ఒకసారి తీసి చూడండి.

అమ్మానాన్నల సంగతీ పట్టించుకోవాలి. ఊళ్లో ఉన్న నాన్నగారు బీపీ, షుగర్ మాత్రలతోపాటు పొద్దున్నే తిప్పతీగ నీళ్లు తాగుతున్నారా? అడగండి. చాలామంది దాన్ని మందుల లెక్కలో వేయరు, కాబట్టి డాక్టర్‌కి చెప్పరు. ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మందుల చీటీ వెనుక ‘తిప్పతీగ, రోజూ, ఇంత’ అని మీరే రాసి పంపండి.

ఎప్పుడు ఆపాలి?

ఆయుర్వేద వైద్యుల సలహా మీద వాడుతున్నా సరే, కొన్ని లక్షణాలు కనిపిస్తే ఆ రోజే ఆపేయాలి. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఆకలి పోవడం, వాంతులు, ఒళ్లంతా దురద, కారణం లేని విపరీతమైన నీరసం. వెంటనే డాక్టర్‌ దగ్గరికి వెళ్లి, ఏం తాగారో, ఎన్నాళ్లు తాగారో దాచకుండా చెప్పాలి. వీలైతే వాడిన కాడ ముక్క, పొడి డబ్బా వెంట తీసుకెళ్లండి. అది ఏ మొక్కో తేల్చడానికి అదే ఆధారం.

మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియాకు 1800-180-3024 అనే టోల్‌ఫ్రీ నంబరు ఉంది. మీరు చెప్పే ఒక్క కేసు కూడా రేపు ఇంకొకరిని కాపాడొచ్చు.

ముక్కతోపాటు నాలుగు మాటలు

ఇదంతా చదివి తిప్పతీగంటే భయపడాల్సిన పని లేదు. ఎండకు గ్రిల్ మీద పచ్చటి పరదా కావాలన్నా, మండు వేసవిలో చిగురించే మొక్క చూడాలన్నా దీన్ని మించింది లేదు. తాగకపోయినా పెంచుకోవచ్చు. జ్వరం రోజున గుర్తొస్తే వైద్యుణ్ని అడిగి, చెప్పినంత, చెప్పినన్నాళ్లు వాడుకోవచ్చు. ఔషధం అన్నాక మోతాదు, గడువు ఉండాలి. అవి లేకపోతే దాన్ని మందు అనడంలో అర్థం లేదు.

తిప్పతీగ పెంచేవాళ్ల దగ్గరికి ఎవరో ఒకరు ముక్క అడగడానికి వస్తూనే ఉంటారు. ఇవ్వండి, పంచుకుంటేనే అందం. కాకపోతే ఆ ముక్కకు చిన్న చీటీ కట్టండి: మొక్క పేరు, ఎవరు చూసి నిర్ధారించారు, ‘డాక్టర్‌ని అడగకుండా తాగొద్దు’ అన్న ఒక వాక్యం. మొక్క ఎలాగూ బతికేస్తుంది. ఆ చీటీ మనుషుల కోసం.